కొక్కేనికి తగిలించిన కోటు

గ్వెల్ఫ్, కెనడా,
మంగళవారం, పొద్దున్న పదిన్నర.

చి. సౌ. హర్షిణికి నాన్న దీవెనలు.

"ఇక్కడ అందరం క్షేమం" అని రాయబోయి ఆగాను. ఇన్నేళ్ళుగా చేయి దానంతటదే రాసే మాట, ఇవాళ మొరాయిస్తోంది. అమ్మ ఒంట్లో బాగానే ఉంది. నాకూ జ్వరం లేదు. క్షేమం ఆ మట్టుకే.

ముందు ఒక పని చెయ్యి తల్లీ. ఇది చదువుతూ ఇంట్లో కూర్చోకు. కిరీటిని కారు తీయమను. డాక్టరుకు చూపించమని అతనికి ఇప్పుడే ఇంగ్లీషులో నాలుగు ముక్కలు పంపాను. క్యూ ఫీవర్‌కి రక్తపరీక్ష చేయాలి. ఆ రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, అందాకా ఆగకుండా మందు మొదలుపెట్టే సంగతి డాక్టర్ని ఆలోచించమనండి. ఎందుకు మామయ్యా అని కిరీటి అడిగాడు. అది హర్షిణికి నేనే చెప్పుకోవాలి బాబూ అన్నాను. మీ ఇంటి నుంచి ఆస్పత్రికి ఇరవై నిమిషాలన్నావుగా. ఈ ఉత్తరం అంతకంటే పెద్దది కాదు, కార్లో చదువు.

ఫోన్లోనే చెప్పొచ్చు కదా అంటావు. పొద్దున్న ఆ పనిమీదే చేశాను. "వైరల్ ఫీవరే అన్నారు నాన్నా, డోంట్ వర్రీ" అన్నావు. నీ నీరసపు గొంతు వినేసరికి నా నోట్లోంచి "అవునమ్మా, అంతే అయ్యుంటుంది" అని ఊడిపడింది. అది అబద్ధం. అందుకే కాగితం మీద రాసి, ఫొటోలు తీసి పంపుతున్నాను. నీ చిన్నప్పుడు నేను పశువైద్య క్యాంపులకు వెళ్తే, గేదెకు ఎన్ని పొట్టలు, కుక్కకు పిచ్చి ఎందుకెక్కుతుంది అని నువ్వు రాసేదానివి, నేను జవాబు రాసేవాణ్ణి. ఆదివారం కూడా మూడు ప్రశ్నలు పంపావు. వరసగానే చెబుతాను.

జంతువులతో సంబంధం ఏమైనా ఉందా అని డాక్టరు అడిగితే లేదన్నావట. ముట్టుకోనే ముట్టుకోకుండా వాటి జబ్బు మనిషికి ఎలా వస్తుందని నీ మొదటి ప్రశ్న. చాలా దారుల్లో వస్తుందమ్మా. పిచ్చికుక్క కరిస్తే దాని ఉమ్మిలోంచి వస్తుంది. పచ్చిపాలు తాగితే వస్తుంది. ఎలుకలు మూత్రం పోసిన నీళ్ళలో పుండున్న కాలు పెడితే వస్తుంది. ఈ క్యూ జ్వరం మేకలు, గొర్రెలు, ఆవుల నుంచి వస్తుంది. పైకి ఆ మేకకు ఏ రోగమూ కనపడదు. మేస్తుంది, తిరుగుతుంది. ఈనేటప్పుడు మాత్రం నెలలు నిండకుండా పిల్ల పడిపోవడమో, చచ్చిన పిల్ల పుట్టడమో జరుగుతుంది. ఆ మాయలో, ఉమ్మనీటిలో క్రిములు కోట్లకొద్దీ ఉంటాయి. అవి ఎండినా చావవు. దుమ్ములో కలిసి పైకి లేస్తాయి. వంటింట్లో మిరపకాయలు దంచితే ముందుగదిలో వాళ్ళకు తుమ్ములొస్తాయే, అలాగ. పీలిస్తే చాలు. రెండు మూడు వారాలు ఏమీ తెలియదు. తర్వాత జ్వరం, తల పగిలిపోయే నొప్పి, బట్టలు తడిసిపోయే చెమటలు. నువ్వు చెప్పినవన్నీ ఇవే.

జున్ను వల్ల వచ్చిందా అని రెండోది. కాదు. అమ్మ అరగంట సేపు ఆవిరి మీద ఉడికించింది. ఆ వేడికి ఈ క్రిమి బతకదు. ఈ మాట ఆదివారమే ఇంట్లో చెప్పాల్సింది. అమ్మ అప్పటి నుంచి ఇడ్లీ కుక్కరు తోమిందే తోముతూ, "నా చేత్తో నేనే పెట్టానండీ, కడుపుతో ఉన్న పిల్లకి" అని ఏడుస్తోంది. నేను పక్కనే కూర్చుని విన్నాను. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి మీద నా తప్పు వేసి ఊరుకున్నాను.

ఇక నా తప్పు చెబుతాను.

సీమంతానికి వచ్చినప్పుడు జున్ను తినాలనుందన్నావు. ఇక్కడ దుకాణాల్లో జున్నుపాలు దొరకవు కదా, దాణా కంపెనీలో పనిచేసిన రోజుల నుంచీ తెలిసిన పాడిరైతు హెన్రీ దగ్గరికి సీసా పట్టుకుని వెళ్ళాను. మేకల పాకలో ఒకటి పొద్దుటి నుంచీ నొప్పులు పడుతోంది. పశువుల డాక్టరు రావడానికి రెండు గంటలు పడుతుందట. హెన్రీ నా మొహంలోకి చూసి, "మూర్తీ, యూ ఆర్ ఎ డాక్టర్, రైట్?" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళయిందమ్మా ఈ దేశం వచ్చి. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పాను. దాణా బస్తాల్లో తేమ కొలుస్తూ రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. కోటు చేతులు పైకి లాగి, సబ్బు రాసుకుని చెయ్యి పెట్టాను. మొదటి పిల్ల చచ్చి ఉంది. రెండోది బతికే వచ్చింది, నా చేతుల్లోనే తుమ్మింది. ఎంత పొంగిపోయానో! డాక్టరు హోదాలో హెన్రీకి జాగ్రత్తలు కూడా చెప్పాను. మాయను వట్టి చేతుల్తో ముట్టుకోవద్దు, చచ్చిన పిల్లను ల్యాబ్‌కి పంపించు, ఇంట్లో గర్భిణులుంటే ఈ దరిదాపులకు రానివ్వకు. అతని ఇంట్లో గర్భిణులు లేరు. మన ఇంట్లో ఉన్నావు నువ్వు.

చేతులు కడుక్కున్నాను గానీ కోటు సంగతి పట్టించుకోలేదు. దాని మీద పడ్డదంతా ఎండిపోయింది. అలాగే ఇంటికి తెచ్చి తలుపు పక్కన కొక్కేనికి తగిలించాను. లైసెన్సు లేకుండా వైద్యం చేశానంటే అమ్మ కేకలేస్తుందని ఎవరికీ చెప్పలేదు. రేపు ఉతుక్కోవచ్చులే అనుకున్నాను. మర్నాడు నువ్వు పెరటి మెట్ల మీద కూర్చోడానికి వెళ్తూ, నీ కోటు గుండీలు పొట్ట మీద పట్టక, "ఐయామ్ ఫ్రీజింగ్ నాన్నా" అంటూ నాది లాగి వేసుకున్నావు. కాలరు ముక్కుదాకా లాక్కుని, "మేకల వాసన! అచ్చం మన పుంగనూరే" అని నవ్వావు. నేను చూస్తూనే ఉన్నాను. విప్పెయ్యమ్మా అనే మాట గొంతుదాకా వచ్చింది. ఎందుకంటే చెప్పాలి కదా అని మింగేశాను. పావుగంట సేపు వేసుకున్నావు. నేటికి ఇరవై రోజులు.

నిన్న హెన్రీ ఫోన్ చేశాడు. ల్యాబ్ వాళ్ళు క్యూ ఫీవరని తేల్చారట. ఇంకో మూడు మేకలకు నెలలు నిండకుండానే పిల్లలు పడిపోయాయట. ఇది తెలిశాక కూడా ఇవాళ పొద్దున్న నీకు వైరల్ అయ్యుంటుందని చెప్పాను. ఫోన్ పెట్టేశాక అమ్మ ముందు కూర్చుని అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "ముందు పిల్లకి చెప్పండి. మన సంగతి తర్వాత చూసుకుందాం" అంది. కోటును రెండు సంచుల్లో పెట్టి మూతి కట్టేశాను. అమ్మకు సాయంత్రం ఫ్లైటు బుక్ చేశాను. నేను మాత్రం నువ్వు రమ్మంటేనే వస్తాను.

బేబీకి ఏమైనా అవుతుందా అన్నది మూడో ప్రశ్న. నాకు తెలియదు హర్షిణీ. ఈ క్రిమి మాయలోకి పాకుతుంది. కాన్పు ముందే రావచ్చు, బిడ్డ దక్కకపోనూ వచ్చు. మందు ఉంది, గర్భిణులకూ ఇస్తారు, వేళకు పడితే చాలామందికి బిడ్డలు దక్కారని చదివాను. నిన్నటి నుంచి అదే చదువుతున్నాను. పురుడు పోసేవాళ్ళకు కూడా ఈ సంగతి ముందే తెలియాలి, వాళ్ళూ జాగ్రత్త పడాలి. నాకు భయంగా ఉంది. నిన్న పొద్దున్న గట్టిగా తన్నిందన్నావు. ఇవాళ కదిలిందా? ఈ ఒక్కదానికీ వెంటనే జవాబు పెట్టు. నన్ను తర్వాత ఎన్ని రోజులు మాట్లాడకుండా శిక్షించినా సరే, ఈ ఒక్కటీ చెప్పు.

ఇంతలో ఆస్పత్రి వచ్చేసి ఉంటుంది. జంతువులతో సంబంధం ఉందా అని డాక్టరు మళ్ళీ అడుగుతారు. ఈసారి ఉందని చెప్పు. మా నాన్న పశువుల డాక్టరు, ఆయన మేకకు పురుడు పోసిన కోటు నేను వేసుకున్నానని చెప్పు. మా నాన్న డాక్టరు అని నువ్వు ఈ దేశంలో ఒక్కరితోనైనా అంటే వినాలని పంతొమ్మిదేళ్ళుగా కోరిక నాకు. ఇలా అనాల్సి వస్తుందనుకోలేదు.

ఇట్లు,
ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్న
మీ నాన్న,
దక్షిణామూర్తి