సాలూరు ఘాట్లో సాయం

మే 12, సోమవారం

కిరణ్‌తో మళ్లీ అదే గొడవ. వాడు వైజాగ్ ఆఫీసులో ఏసీ కింద, నేను బొబ్బిలిలో మావయ్యావాళ్ల మేడమీద ఫ్యాను కింద, ఇంటినుంచే పని. "ఫోన్లో అసలు బండిలాంటి బండి రాదు. బ్రేకంటే కాలి కింద బరువు. అద్దం మీద వేలికి ఏం బరువుంటుంది?" అంటాడు. వస్తుందని నేను. రాదని వాడు. మూడు నెలలుగా ఇదే పాట. మేం తయారుచేస్తున్న రేసింగ్ ఆటలో బండి ఎలా నడవాలో రాసేది నేనే — టైరు, బరువు, బ్రేకు అన్నీ. రాదని ఒప్పుకుంటే ఇక నాకు పనేముంది?

అందుకే సాయంత్రం మావయ్య ఫోన్లో ఆట వేసి ఆయన చేతికిచ్చాను. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. సాలూరు ఘాట్ ఆయనకి పెరడులాంటిది. ఆటలో నేను కట్టింది కూడా ఆ ఘాట్ రోడ్డే. ఆయన కోసం కారు తీసేసి బస్సు బరువు పెట్టాను. మావయ్య "ఔను" అంటే కిరణ్ నోరు మూసుకోవాలి.

ఆరుసార్లు లోయలో పడ్డాడు.

కార్తీకంలో వచ్చిన పక్షవాతం మాటకి తగ్గింది, నడకకీ కొంత తగ్గింది. కుడివైపు ఇంకా మొద్దుగానే ఉంది. మలుపు చూస్తాడు, ఏం చెయ్యాలో తెలుస్తుంది, బొటనవేలు మాత్రం కాస్త ఆలస్యంగా బయల్దేరుతుంది. ఆరోసారి తరవాత ఫోను ఒళ్లో పెట్టుకుని, నన్ను చిన్నప్పుడు పిలిచినట్టే — "అయిపోనాదే గుంటా. నా పని అయిపోనాది."

ఆట గురించి అన్నాడో, దేని గురించి అన్నాడో... నేను అడగలేదు.

మే 13

ఆటలో సాయం పెట్టేశాను. ఆయన ఫోన్లో మాత్రమే. ఎవరికీ చెప్పలేదు.

మే 14, బుధవారం

దిగిపోయింది! బస్సు మొత్తం ఘాట్ దిగిపోయింది. గోడకి ఒక్క గీత పడలేదు.

మావయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, కర్ర మరిచిపోయి. "ఇదీ బండంటే! ఒసే, సూడు మీ అల్లుడు ఎలా దింపినాడో" అని అత్తయ్యని కేకేశాడు. ఆనందంలో వరస కూడా తప్పింది. "అల్లుడెవరు, మొగుడు దింపినాడను" అని అత్తయ్య వంటింట్లోంచి. ఎన్ని నెలలయింది ఈ ఇంట్లో ఇలా నవ్వుకుని.

నేనూ నవ్వాను. తేలు కుట్టిన దొంగలా.

సెట్టింగ్స్‌లో ఒక వరస ఉంది — "సాయం". తెలుగు మాటలు రాసింది కూడా నేనే, ఇంకే మాటా తోచలేదు. అది ఆన్‌లో ఉంటే మలుపు ముందు బ్రేకు ఆటే వేస్తుంది, చక్రం తనే కొద్దిగా తిరుగుతుంది. ఆడేవాళ్లకి తెలియదు. అంతా తామే చేశామనుకుంటారు. ఆయన ఫోన్లో దాన్ని చివరిదాకా పెంచాను. చెప్పాలనుకున్నాను. ఆ మొహం చూశాక ఎలా చెప్పను?

మే 17, శనివారం

మావయ్య ఘాట్ దిగుతున్న వీడియో ఆఫీసు గ్రూపులో పెట్టాను. "ముప్పై ఏళ్ల డ్రైవరు. ఇదే అసలు బండి అంటున్నారు." చప్పట్ల బొమ్మలు వరసగా. చివర్లో కిరణ్ — "సరే. ఓడిపోయాను."

గెలిచాను. అన్నం తినబుద్ధి కాలేదు.

మే 21

రోజూ పొద్దున్న కాఫీ అవగానే ఘాట్. ఎండకి ఫోను పెనంలా కాలుతోంది. కాలిందంటే ఆట నత్తినత్తిగా నడుస్తుంది, నేను తడిగుడ్డ చుట్టి ఇస్తున్నాను. ఈ సంగతి కిరణ్‌కి చెబితే మళ్లీ మొదలెడతాడు.

మావయ్య పాఠాలు కూడా మొదలయ్యాయి. "ఎక్కిన గేరులోనే దిగాల. బ్రేకు మీద దిగినోడు డ్రైవరు కాడు." "జారేముందు బండి సెప్తాదే. ముందు పిర్రకి తెలస్తాది, ఆనక కంటికి." అది ఫోన్లో ఎలా పెట్టను మావయ్యా అంటే, "నీకు తెల్దేటి? బానెట్ మీద కూకున్నావు కదా."

కూర్చున్నాను. ఇంటర్ రెండేళ్లూ వీళ్లింట్లోనే ఉండి చదివాను. సెలవు దొరికితే ఆయన బస్సులో, డ్రైవరు పక్కన ఇంజను మీద, కింద గోనెపట్టా వేసుకుని సాలూరు పైకీ కిందికీ. ఆ వేడి, ఆ వణుకు... బండంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే. నాకు అది నేర్పిన మనిషికి నేను దొంగబండి ఇచ్చాను.

మే 25, ఆదివారం

ఊరి చివర ప్రైవేటు బడి నడిపే కరస్పాండెంట్ వచ్చాడు. పాత పరిచయం. బడి వ్యాను డ్రైవరు మానేశాడట, తెరిచే టైము దగ్గర పడుతోందట. "కాలెలా ఉన్నాది మావా?"

మావయ్య కాలు చూపించలేదు. ఫోను చూపించాడు.

నేను గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడే ఉన్నాను. ఒక్కో మలుపూ దిగుతోంది బస్సు, నున్నగా. కరస్పాండెంట్ వంగి వంగి చూశాడు. "ఘాట్ ఇలాగ దిగినోడికి ఊళ్లో వ్యానేటి లెక్క!" మావయ్య నావైపు చెయ్యి చూపించి, "ఇది ఉత్త ఆట కాదు బాబూ. అసలు బండికి అసలు లెక్క. మా గుంట సేసినాది, అడుగు."

అడిగాడు. "ఔనా అమ్మా?"

నేను ఏమన్నాను? "ఔనండి" అన్నాను. ఔనండి అన్నాను!

జూన్ తొమ్మిది, సోమవారం, పొద్దున్న ఎనిమిదికి ఖాళీ వ్యాను నడిపి చూపించాలి. గురువారం నుంచి పిల్లలు ఎక్కుతారు.

మే 26

ఎదురింటి యూకేజీ పిల్ల గేటు ఎక్కి ఊగుతూ — "మా వ్యాను తాత ఈ తాతే!"

మే 28, బుధవారం

అత్తయ్యకి చెబుదామని వెళ్లాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను నోరు తెరిచేలోగా తనే — "నీ పున్నెమే అమ్మా. మనిషి మల్లీ మనిషయ్యాడు. కార్తీకం నుంచి గోడకేసే సూసేవోడు. ఇప్పుడు పొద్దున్నే లేచి గెడ్డం గీసుకుంటన్నాడు. రాతిరి అన్నం రెండోపాలి అడిగాడు."

నేనూ కూర్చుని ఈనెలు తీశాను. చేతకానిదాన్ని.

జూన్ 1, ఆదివారం

పిరికిదానికి తోచే ఉపాయమే తోచింది. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తీసి సాయం ఆఫ్ చేశాను. ఆయనకే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను.

మొదటి మలుపులోనే లోయ. రెండోసారి లోయ. మూడోసారి గోడ, తరవాత లోయ. ఫోను దులిపాడు, తుడిచాడు, తడిగుడ్డ కోసం చూశాడు. "ఏటో తేడా వచ్చీసినాది. సెడగొట్టీసేవేటే?"

"లేదు మావయ్యా. ఇప్పుడే... ఇప్పుడే సరిగ్గా ఉంది."

"ఏటి సరి? ముందుదే నిజం. నా బండి అలాగే ఉండీది. నాను నొక్కితే ఆగీది."

లోపల్నుంచి అత్తయ్య వేళాకోళంగా — "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట ఎవరో!" కొత్త డ్రైవర్లని మావయ్య ఎప్పుడూ ఎక్కిరించే సామెతే అది. ఈసారి ఆయన నవ్వలేదు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. నేను లేచి మేడమీదికి వచ్చేశాను.

ముందుదే నిజం... ఆయనకి నిజమంటే జబ్బుకి ముందటి కాలు. నేను సాయంగా పెట్టింది దాన్నే. బండి నిజమా కాదా అని మూడు నెలలు కొట్టుకున్నాం. నడిపే మనిషి సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు.

జూన్ 3

కిరణ్‌కి సాయం సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. "తప్పేముంది? ఫోన్లో ఏ ఆటకైనా సాయం ఉంటుంది. లేకపోతే ఒక్కడూ ఘాట్ దిగడు. చెయ్యి పట్టుకుని నడిపించి, నువ్వే నడిచావు అనిపించాలి. అదేగా మన పని."

"మావయ్య సోమవారం బడి వ్యాను నడపబోతున్నాడు కిరణ్."

వాడు మొదటిసారి మెల్లగా — "చెప్పెయ్. ఈ రోజే చెప్పెయ్."

ఈ రోజు చెప్పలేదు.

జూన్ 5, గురువారం

మధ్యాహ్నం కిటికీలోంచి చూశాను. పెరట్లో మావయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ముందు మూడు చెప్పులు వరసగా పెట్టుకున్నాడు. క్లచ్చి, బ్రేకు, ఎక్సలేటరు. ఎడంకాలు బాగానే ఆడుతోంది. కుడికాలు ఎక్సలేటరు చెప్పు మీదే ఉండిపోయింది. కళ్లు మూసుకున్నాడు, పెదవులు బిగించాడు... కాలు లేవలేదు. చివరికి మోకాలి కింద చెయ్యి పెట్టి, కాలుని ఎత్తి బ్రేకు చెప్పు మీద పెట్టాడు.

నన్ను చూశాడు. "డాక్టరు ఆడించమన్నాడే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఫోన్లో కాలు లేదు. ఎంత నిజంగా చేసినా అందులో రెండు బొటనవేళ్లే. ఈ కాలు సంగతి ఆ ఆటలో ఎవరికి కనిపిస్తుంది? అది చూపించే కదా వ్యాను తెచ్చుకున్నాడు. నేనూ పక్కన నిలబడి ఔనండి అన్నాను కదా.

జూన్ 7, శనివారం

పొద్దున్న మళ్లీ ఘాట్ ఆడుతున్నాడు. ఒక్క గీత లేకుండా దిగింది!

ఆఫ్ చేశాను కదా. వేలు బాగుపడిందా? ఆయన మందులు వేసుకోవడానికి లోపలికి వెళ్లగానే ఫోను తీసి చూశాను.

సాయం — ఆన్.

నేను పెట్టలేదు. అత్తయ్య ఆ ఫోను ముట్టుకోదు. ఇక ఉన్నది ఆయనే. పకోడీ పొట్లం కాగితం కూడా పూర్తిగా చదివి గానీ పారెయ్యని మనిషి, సెట్టింగ్స్ జోలికి పోడని ఎలా అనుకున్నాను?

అంటే తెలుసు. ఎప్పటినుంచి?

జూన్ 8, ఆదివారం

చెప్పేశాను. టిఫినయ్యాక, అత్తయ్య కూరలకి వెళ్లాక. పేపరు చదువుకుంటున్నాడు.

"మావయ్యా, ఆ బస్సు నువ్వొక్కడివే దింపలేదు. బ్రేకు నేను వేయించాను. మొదటినుంచీ. నీ మొహం చూడలేక..."

పేపరు మడిచాడు. నాలుగు మడతలు, అంచులు కలిపి మరీ.

"తెలుసే. నువ్వు తీసీసినావే, ఆ దినం అన్నీ సదివినాను. సాయం అని... మంచి మాటే పెట్టినావు."

"మరి మళ్లీ ఎందుకు పెట్టుకున్నావు?"

"బాగుంటాది కదేటి." అంతే అన్నాడు.

కరస్పాండెంట్‌కి అబద్ధం చెప్పానన్నాను. తప్పు నాదేనన్నాను. రేపు వెళ్లొద్దన్నాను. పెరట్లో కాలు చూశానని కూడా అన్నాను. అది అనకుండా ఉండాల్సింది. కుడికాలు కుర్చీ కిందికి లాక్కోబోయాడు, అది రాలేదు. పంచె అంచు సర్దుకున్నాడు.

మడిచిన పేపరు పక్కన పెట్టి — "ఇంత సదువుకున్నావు కదే. ఆ సాయమేదో వ్యానుకి కూడా పెట్టీలేవేటి?"

వేళాకోళమనుకుని నవ్వాను. ఆయన నవ్వడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

కూరలు తేవాలని అబద్ధం చెప్పబోయి, అత్తయ్య వెళ్లిందని గుర్తొచ్చి ఆగాను. ఏదో గొణిగి పైకి వచ్చేశాను.

ఇప్పుడు మధ్యాహ్నం మూడు. ఖాకీ చొక్కా ఇస్త్రీ అయ్యి మెట్ల పక్క తీగ మీద ఉంది, ఇక్కడికి కనిపిస్తోంది. కరస్పాండెంట్ నంబరు నా ఫోన్లో ఉంది. ఫోను చేస్తే మావయ్య మళ్లీ గోడకేసి చూస్తాడు. చెయ్యకపోతే గురువారం ఆ యూకేజీ పిల్ల వ్యాను ఎక్కుతుంది. చెయ్యాలి. తెలుస్తూనే ఉంది. రెండుసార్లు నంబరు తీశాను, రెండుసార్లూ ఫోను బోర్లా పెట్టాను.

కింద కర్ర చప్పుడు. మెట్ల దగ్గర ఆగింది.

"గుంటా... అడిగినదానికి ఏటీ సెప్పలేదు?"