ఉచ్చులో పడ్డ ముంగిస

శుక్రవారం, నువైద్రాత్ తోట

తన పావురాలను తినేస్తోందని మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, పెట్టించిన ఇనుప ఉచ్చులో ఈ పొద్దున ముంగిస పడింది. ముందుకాలు ఎముకదాకా నలిగిపోయింది. అయినా నన్ను చూసి పళ్లు బయటపెట్టింది.

"వదిలేద్దాం నర్సయ్యా. ఇకనుంచి బోను పెట్టుకుందాం," అన్నాను కఫీల్ కారు నడిపే డ్రైవర్‌తో.

"గా కాలుతోని అది యాడ బతుకుతదన్నా? ఒక్క దెబ్బేసి ఖలాస్ చెయ్," అన్నాడు.

నిజమే అనిపించి కర్రతో కొట్టాను. గోతిలో వేసేటప్పుడు చూశాను, పొట్ట కింద చన్నులు పాలతో ఉబ్బి ఉన్నాయి.

సాయంత్రందాకా ఖర్జూరపు చెట్ల మొదళ్లన్నీ వెతికాను. కూనల కీచుమనే అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి గానీ బొరియ దొరకలేదు. ఇంతలో కఫీల్ ఫోన్ చేసి ఉచ్చు మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. నేను కాదంటే ఇంకొకడు పెడతాడు...

ఇప్పుడు తోటలో ఏ అరుపూ లేదు.