సముద్రం చూడ్డానికి

బాపట్ల,
5 డిసెంబరు, 1998

అక్కకి,

ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. నా సంగతే ఎలా ఉందో నాకు తెలియడం లేదు. అందుకే రాస్తున్నాను. చదివాక బావకి కూడా చూపించకు.

నేను బాపట్ల వచ్చి చాలా రోజులైంది. "కోడలు సముద్రం చూడ్డానికెళ్లింది" అని ఊళ్లో అత్తయ్య అందరికీ చెబుతోందట. పత్తి తీతలు నడుస్తూ, కూలికి మనిషి దొరకని రోజుల్లో సముద్రం చూడ్డానికి వెళ్లే కోడలు ఎక్కడైనా ఉంటుందా? విన్నవాళ్లు నవ్వుకునే ఉంటారు. మీ మరిది అయ్యప్ప మాల వేసుకున్న సంగతి నీకు తెలుసు కదా. ఇంట్లో స్వామి ఉన్నప్పుడు బయట చేరిన ఆడది ఆ గడపలో ఉండకూడదు. మిగతా ఇళ్లలో కోడళ్లు ఆ నాలుగు రోజులూ పక్కింట్లో సర్దుకుంటారు. మా అత్తయ్యకి అది చాల్లేదు. "ఒక్క నలుసు కోసం వేయించిన మాల ఇది. మైల గాలి కూడా తగలకూడదు" అని, రోజులు దగ్గర పడకముందే నన్ను బస్సెక్కించి తన చెల్లెలింటికి పంపేసింది.

ఆ చెల్లెలు సుబ్బరావమ్మ. నేను చిన్నత్తయ్య అంటాను. పెళ్లిలో నువ్వు చూశావు, గట్టిగా మాట్లాడుతుంది. భర్త పోయాక వ్యవసాయ కాలేజీ పిల్లలకి క్యారేజీలు కట్టి బతుకుతోంది. నేను ఆవిడకి కూరలు తరిగిపెడుతున్నాను.

ఊరు బాగుంటుంది అక్కా. అంతా ఇసక నేల. చెప్పులు లేకుండా నడిచినా మన నల్లరేగడిలాగా కాలిని పట్టుకోదు. పొద్దున్నే మంచులో కాలేజీ పిల్లలు స్వెట్టర్లు వేసుకుని, సైకిళ్ల మీద నోట్లోంచి పొగలు వదులుకుంటూ పోతారు. భావనారాయణస్వామి గుడి వీధిలో వేడి వేడి ఇడ్లీల బండి ఉంది. చిన్నత్తయ్య నన్ను సూర్యలంక తీసుకెళ్లింది. దారంతా జీడిమామిడి తోటలు, సరుగుడు తోపులు. సముద్రం ముందు చప్పుడు వినిపించింది, తరవాత కనిపించింది. అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసక జారింది. పడతానని చిన్నత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. "ఎక్కడికీ పోదులేవే, అది రోజూ ఇంతే" అంది. నవ్వాను. నవ్వుతూ కూడా నా మనసు పొత్తికడుపు మీదే ఉంది.

అసలు సంగతి ఇది. నాకు రావలసింది రాలేదు. రోజులు బాగా దాటిపోయాయి. మాల వేసుకోక ముందే నిలిచి ఉండాలి. పెరట్లోకి వెళ్లినప్పుడల్లా గుడ్డ చూసుకుంటున్నాను. ఏమీ లేకపోతే ఊపిరి వస్తుంది. కాసేపటికి మళ్లీ వెళ్లి చూసుకుంటాను.

సంతోషపడాల్సిన మాటేగా అంటావు. మా ఊరి గురుస్వామి చెంచయ్య గారు భార్య కడుపుతో ఉంటే భర్త కొండ ఎక్కకూడదంటారు. నిరుడు ఇలాగే ఒకాయన చేత పూజ మధ్యలో మాల తీయించారు. ఆ ఇంటివాళ్ల మొహాలు నేను చూశాను. ఇప్పుడు నేను చెబితే మీ మరిది మాల తియ్యాలి. బిడ్డ కోసం మొక్కిన మొక్కు బిడ్డ వల్లే ఆగిపోతుంది. ఆ తరవాత ఇది కూడా నిలవకపోతే, స్వామికి కోపం వచ్చిందంటారు. చెప్పకుండా ఆయన్ని కొండకి పంపిస్తే, అప్పుడు పోతే, దాచిన పాపం నాది అంటారు. ఎటు తిరిగినా నా మీదికే వస్తోంది.

ఇంకోటి కూడా చేశాను. మొన్న అత్తయ్య ఎస్టీడీ బూత్ నుంచి పక్కింటికి ఫోన్ చేసి, "అయిందా?" అని అడిగింది. "ఊ" అన్నాను. అంతే అన్నాను. "సరే, ఎలాగూ వెళ్లావు. ఇరుముడి కట్టేదాకా అక్కడే ఉండు, సముద్రం చూసుకో" అంది. ఆ ఒక్క ఊ దగ్గర నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఏం చెయ్యమంటావో వెంటనే రాయి. పిల్లలకి ముద్దులు.

నీ చెల్లెలు
కోటేశ్వరి


బాపట్ల,
17 డిసెంబరు, 1998

అక్కకి,

నీ ఉత్తరం అందింది. "నోరు మూసుకుని కూర్చో, కొండ దిగొచ్చాక చెప్పు" అని రాశావు. నువ్వు పెద్దదానివి, నా మంచికే చెప్పావు. కానీ నేను ఆ మాట వినలేకపోతున్నాను. ఎందుకో రాస్తాను, కోప్పడకు.

ముందు చిన్నత్తయ్యకి తెలిసిపోయింది. పప్పు రుబ్బుతుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏమే, మా అక్క నిన్ను దేనికి పంపించింది?"

"సముద్రం చూడ్డానికి."

"ఇంకా నయం. పడవలు లెక్కపెట్టడానికి అనలేదు. ముట్టుకి పంపిస్తే వచ్చిన రోజు నుంచీ నా వంటింట్లోనే ఉన్నావు. ఒక్క పూటన్నా గుమ్మం బయట కూర్చున్నావా? నేను మొగుడు పోయినదాన్నే గానీ కళ్లు పోయినదాన్ని కాదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ రుబ్బురోలు దగ్గర నుంచి నన్ను లేవదీసి, చేతులు కడిగించి, ఆ సాయంత్రమే లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ చూసి, ఉందని చెప్పింది. ఇంతకుముందు ఏం జరిగిందో అడిగింది. చిన్నత్తయ్య మోచేత్తో పొడిస్తే, రెండుసార్లు నిలిచి పోయిందని చెప్పాను. అప్పుడు ఏం పని చేసేదానివని అడిగింది. మొదటిసారి పత్తికి మందు కొట్టడానికి బిందెలతో నీళ్లు మోశాను. రెండోసారి మిరప కళ్లంలో ఎండబోసిన కాయ తిరగేసేదాన్ని. పనివల్లే పోయిందని ఎవరూ చెప్పలేరంది. ఈసారి మాత్రం బిందె ముట్టుకోవద్దు, మందు కొట్టే చేల వైపు పోవద్దు, నాలుగు నెలలు నిండేదాకా జాగ్రత్తగా ఉండాలంది. మళ్లీ మా ఇంటికి పోతే అది ఎలా కుదురుతుంది అక్కా? జనవరి దాటితే మిరప కోతలు. అందరూ చేలో ఉంటే నేను మంచం మీద పడుకుంటానా?

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పని మాట రాస్తాను. మొదటిది పోయినప్పుడు మీ మరిది ఒక పూట అన్నం మానేశారు. నాతో ఏమీ అనలేదు గానీ, బాధపడ్డారని తెలిసింది. రెండోసారి ఆయన మిర్చి టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్లి ఉన్నారు. అక్కడ లారీలు బారులు తీరి చాలా రోజులు పట్టింది. ఇంట్లో అత్తయ్యా నేనూ ఉన్నాం. అంతా అయిపోయింది. అత్తయ్యే నాకు నీళ్లు కాచి పోసింది. ఆయన తిరిగొచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాను. గుమ్మంలోకి వచ్చి, నా మొహం చూసి, "కళ్లంలో కాయ తిరగేశారా?" అన్నారు. తిరగేశామన్నాను. అంతే. ఆ రోజుకీ ఈ రోజుకీ ఆ సంగతి ఎత్తలేదు. బిడ్డ కావాలని ఉన్నది అత్తయ్యకేనా, ఆయనకి కూడానా అని చాలాసార్లు అనుకున్నాను. అడిగే ధైర్యం లేదు. ఆయన్ని ఇప్పటిదాకా ఏమనీ పిలిచినదాన్ని కాదు. మాల వేసుకున్నాక స్వామీ అనడానికి వీలైంది. అదొక్కటే నాకు దక్కింది.

ఇది కూడా పోతే మళ్లీ అలా గోడకి ఆనుకుని కూర్చోలేను. ఉందని ఆయనకి తెలియాలి. ఉన్నప్పుడే తెలియాలి.

ఆదివారం పొద్దున మీ మరిదీ మిగతా స్వాములూ వెళ్లే రైలు బాపట్లలో ఆగుతుంది. నిలిచేది కొద్దిసేపే. "స్వాములకి పులిహోర ఇద్దామని వెళదాం. చెప్పేది నువ్వే చెప్పు, నేను నోరెత్తను" అంది చిన్నత్తయ్య. ఆవిడ నోరెత్తకుండా ఉండటం సంగతి అటుంచు, నేను ఎత్తగలనా? మాటలు గొంతులో పేర్చుకుంటున్నాను. ఇవాళ తలుపుకి ఎదురుగా నిలబడి ఒకసారి చెప్పి చూసుకున్నాను. తలుపుకే చెప్పలేకపోయాను.

మాల తీసేయమంటారు, లేదా నన్ను తిట్టి వెళ్లిపోతారు. ఏమైనా సరే. నువ్వు మాత్రం నా మీద అలగకు.

కోటేశ్వరి


బాపట్ల,
21 డిసెంబరు, 1998

అక్కకి,

నీకు కంగారుగా ఉంటుంది కాబట్టి ముందే రాస్తున్నాను, కడుపులోది నిలిచే ఉంది.

నిన్న స్టేషన్లో ప్లాట్‌ఫారం అంతా నల్ల బట్టలే. శరణుఘోషలో పక్కమనిషి మాట వినిపించలేదు. మా ఊరి స్వాములు ఉన్న పెట్టె ముందుకి పోయి ఆగింది. చిన్నత్తయ్య పులిహోర గిన్నె నెత్తిన పెట్టుకుని పరిగెత్తింది. నేను వెనక నడిచాను. పరిగెత్తడానికి భయం. మీ మరిది కిందకి దిగి నిలబడ్డారు. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నారు.

"బాగున్నావా మాతా? సముద్రం చూశావా?" అన్నారు.

"చూశాను" అన్నాను. పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. చిన్నత్తయ్య లోపలికి గిన్నె అందిస్తూనే వెనక్కి తిరిగి, "మాట్లాడవే, రైలు మీ అబ్బ సొమ్మా ఆగడానికి" అంది. అక్కడికీ నోరెత్తనని మాటిచ్చింది.

"స్వామీ, నెల తప్పింది. డాక్టరమ్మ ఉందని చెప్పింది. అత్తయ్యకి అబద్ధం చెప్పాను. ఇది మూడోది. ఇది కూడా పోతే నావల్ల కాదు" అన్నాను. అన్నీ కలిపి ఒక్కసారే అనేశాను.

ఆయన నా మొహంలోకి చూశారు. "మూడోదేంటి?" అన్నారు.

రైలు కూత వేసింది. చెంచయ్య గారు "ఎక్కండి స్వామీ, ఎక్కండి" అని భుజం పట్టి లాగారు. ఆయన మెట్టు మీద నుంచి నన్నే చూస్తున్నారు. "మూడోదేంటి" అని మళ్లీ అన్నట్టు పెదాలు కదిలాయి. రైలు వెళ్లిపోయింది.

చిన్నత్తయ్య రిక్షా ఎక్కించింది. మొక్కు చెడగొట్టాను, చెప్పకూడని చోట చెప్పాను, మనసు పాడైపోయి కొండ ఎలా ఎక్కుతారు అని పడుకుని ఒకటే ఆలోచన. లేచి వెళ్లి గుడ్డ చూసుకున్నాను.

క్యారేజీలు కడుతుండగా గుమ్మంలో "స్వామి శరణం" అని వినపడింది. భిక్షకి వచ్చిన స్వామి ఎవరో అనుకున్నాను. చూస్తే ఆయన. కాళ్లకి దుమ్ము, నెత్తి మీద ముడి లేదు. చీరాలలో దిగి బస్సెక్కి వచ్చేశారు. చెంచయ్య గారు రైల్లో గట్టిగా కేకలేశారట, "ఇంట్లో సంగతి తెలుసుకోకుండా మాలెందుకు వేసుకున్నావు స్వామీ" అని. చీరాల వచ్చేసరికి ఆ గురుస్వామే చెయ్యి చాపి, "ముడి ఇటివ్వు. ఇది నేను చేరుస్తాను, నువ్వు దిగు" అన్నారట.

చిన్నత్తయ్య మంచినీళ్లిచ్చి, క్యారేజీలు తనే తీసుకుని వీధిలోకి పోయింది. ఆయన అరుగు మీద కూర్చున్నారు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"మొదటిది నాకు తెలుసు. రెండోది ఎప్పుడు?"

"మీరు యార్డులో ఉన్నప్పుడు."

"నాకెవరూ చెప్పలేదే."

"అత్తయ్య చెప్పిందనుకున్నాను."

"జ్వరం వచ్చి తగ్గిందని చెప్పింది అమ్మ." కాళ్లకున్న దుమ్ము దులుపుకున్నారు. "నువ్వు చెప్పి ఉంటావని అమ్మ అనుకుందేమో. మగాడితో ఇలాంటివి తనెందుకు ఎత్తాలనుకుందో."

అక్కా, రెండేళ్ల నుంచి నేను ఆయన మీద పెట్టుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒక ఇంట్లో, ఒకే కుండలో వండిన అన్నం ముగ్గురం తింటూ ఉన్నాం. పెద్దవాళ్ల ముందు మొగుడితో మాట్లాడకూడదని నేను, కొడుకుతో ఆడవాళ్ల సంగతి మాట్లాడకూడదని ఆవిడ. ఎవరి మర్యాద వాళ్లం చూసుకున్నాం.

"ఆ రోజు నిన్నేమన్నా అడిగానా నేను?" అన్నారు.

"కాయ తిరగేశారా అని అడిగారు."

ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. వీధిలో కాలేజీ పిల్లలు పోతున్నారు, అందుకని లోపలికి రమ్మన్నాను. మాలలో ఉన్నాను, ఇక్కడే ఉంటానన్నారు. నేనే తలుపు దాటి వచ్చి అరుగు మీద, కొంచెం ఎడంగా కూర్చున్నాను. పట్టపగలు వీధిలో అలా కూర్చోవడం నాకు అదే మొదలు.

డాక్టరమ్మ చెప్పినవన్నీ చెప్పాను. మిరప కోతలకి నేను రానని కూడా చెప్పాను. ఉగాది దాకా ఇక్కడే ఉంటాను, చిన్నత్తయ్య ఉండమంది అన్నాను. కూలిని పెట్టుకుందామన్నారు. శనివారం శనివారం వస్తానన్నారు. ఆయన మాటే గానీ, కొండ ఎక్కనందుకు ఆయనకి లోపల దిగులుగానే ఉంది. స్వామి ఏమనుకుంటాడో అని నాకూ ఉంది. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

మాల అత్తయ్య వేసింది, అత్తయ్యే తియ్యాలి. ఆవిడకి ఫోన్ చేశారు. రేపు పొద్దున బస్సుకి వస్తుంది. "నువ్వు లోపల ఉండు, అమ్మతో నేను మాట్లాడతాను" అన్నారు. వద్దన్నాను. ఆ రోజు ఇంట్లో ఉన్నది మేమిద్దరం. నాకు నీళ్లు కాచి పోసిన చెయ్యి ఆవిడది. ఆవిడ కూడా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోకుండా, వెళ్లి అయ్యప్పకి మొక్కుకుంది. ఆ ఊ అన్నది నేను, కాబట్టి ముందు నేనే మాట్లాడాలి. ఏమంటుందో తెలియదు. తిడితే పడతాను. రమ్మంటే మాత్రం వెళ్లను.

ఇవాళ తెల్లవారి ఆయన నూతి దగ్గర చన్నీళ్ల స్నానం చేసి పూజకి కూర్చోబోతుంటే నాకు కడుపులో తిప్పి పెరట్లోకి పోయాను. బాగా వాంతయింది. పోయిన రెండుసార్లూ ఇలా ఎప్పుడూ కాలేదు. తల ఎత్తి చూస్తే ఆయన తడి బట్టలతో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నారు. భయపడాలో సంతోషపడాలో తెలియక నా మొహం వంకే చూస్తున్నారు. "ఇది మంచిదేనంట" అన్నాను. చెంబు అందించి, అక్కడే నిలబడ్డారు.

నీ
కోటేశ్వరి