వైవాకి స్వీట్లు వద్దన్నారు

ప్రియా,

అన్నం కుక్కర్లో ఉంది, పప్పుచారు వేడి చేసుకో. రేపటి పీహెచ్‌డీ వైవాకి నీ చీర ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను. పాప సాత్విక స్కూల్లో మీటింగ్ ఉంది, సాయంత్రానికి వస్తాను.

నీ ఫోన్ కలవడం లేదని మీ గైడ్ బసవరాజు గారు నాకు ఫోన్ చేశారు. "రేపు స్వీట్లు, సమోసాలు ఏమీ తేవద్దని చెప్పమ్మా" అన్నారు. కిందటేడు నీ ఫ్రెండ్ భవ్యశ్రీ వైవాకి కాజూ కత్లీ ఏ షాపులో కొనాలో చెప్పింది ఆయనే. ఎందుకండీ అంటే, "నాలుగో చాప్టర్ ఇంటర్వ్యూల రికార్డింగులు తెమ్మనండి, బయటి ఎగ్జామినర్ వింటారట" అని పెట్టేశారు.

వారం రోజులుగా నన్నే ఎగ్జామినర్‌గా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేస్తున్నావు. అన్నిటికీ నా కళ్ళలోకి చూసి జవాబు చెప్తావు. గ్రేటర్ నోయిడా ఫ్యాక్టరీ ఆడవాళ్ళ ఇంటర్వ్యూల దగ్గరికి రాగానే మంచినీళ్ళకి లేస్తావు. పోయిన మే నెలలో అక్కడికి వెళ్ళి వాళ్ళందరితో మాట్లాడానని థీసిస్‌లో రాశావు. ఆ నెలంతా టైఫాయిడ్‌తో ఈ ఇంట్లోనే పడుకున్నావు. జావ కాచి తాగించింది నేను.

మీ అన్నయ్యకి ఇంకా ఏమీ చెప్పలేదు. నేను వచ్చేలోగా సార్‌కి నువ్వే ఫోన్ చేసి మాట్లాడు. ముందు అన్నం తిను.

వదిన

మొన్న స్వీట్లు చెప్పి వచ్చానన్నావు కదా, వద్దని చెబుదామని షాపుకి ఫోన్ చేశాను. "కౌన్ సా ఆర్డర్, దీదీ? మాకెవరూ చెప్పలేదే" అని వెతికి మరీ చెప్పాడు. సార్ వద్దనకముందే నువ్వే స్వీట్లు చెప్పలేదన్నమాట.