తొమ్మిదో నాటి నేరేడు

1954 జూన్ 14, సోమవారం. మధ్యాహ్నం

స్కూల్ ఫైనల్ రాసిన చేత్తో ఈ ముప్పై మూడేళ్లూ సీసాల మీద లేబుళ్లు తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ రాయక తప్పడం లేదు. ఏ తప్పు చేసినా దీపం పెట్టి నరసింహస్వామికి చెప్పుకోవడం నా అలవాటు. ఇది చెప్పలేకపోయాను. నోరు తెరిస్తే ఆ వాసన వస్తుందేమోనని భయం వేసింది.

మా వారు ఆయుర్వేద వైద్యులు. ఏటా నేరేడు కాలంలో మా ఇంట్లో ఆసవం పెడతాం. పండు పిసికి, బెల్లం నీళ్లు కలిపి, పులియడానికి ధాతకి పూలు వేసి, జాడీ మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తి, చీకటి కొట్లో నెల పైన ఉంచుతాం. మాగితే అది కడుపు జబ్బులకు మందు. మాగకముందు అది మందూ కాదు, ఇంకొకటీ కాదు. మధ్యలో ఒక జాడీ తెరిచి, నాలుక కొసకు తగిలించి, ఉమ్మేసి, ఎన్నాళ్లు పడుతుందో చెప్పాలి.

ఆ పని ఆయనది. పోయినేడు టైఫాయిడ్ తగ్గాక ఆయనకు నాలుక పోయింది. తీపి లేదు, పులుపు లేదు. అన్నం గుడ్డ నమిలినట్టుందని ఒక్కసారి అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రుచి తెలియని వైద్యుడి మందు ఎవరు తాగుతారు? అప్పటి నుంచి రుచి నాది, చెప్పే మాట ఆయనది. ఇది మా ఇద్దరికే తెలుసు.

ఇవాళ్టికి జాడీలు పెట్టి తొమ్మిదో రోజు. నేను ఉమ్మలేదు. మింగాను.

జూన్ 15

ఇవాళ రెండు చెంచాలు.

జూన్ 17, గురువారం

ఎట్లా ఉంటుందో రాయాలి, లేకపోతే నిలవలేను.

మొదట పులుపు చెవుల కింద పట్టుకుంటుంది. కళ్లు వాటంతటవే మూతపడతాయి. తర్వాత నేరేడు వగరు వచ్చి నాలుకను తడి చీర పిండినట్టు పిండుతుంది. అప్పుడు సన్నగా చిటపట. తిరగమాతలో ఆవాలు పేలినట్టు, కానీ చల్లగా. చివర్న బెల్లం ఎక్కడో దూరం నుంచి పిలుస్తుంది. పోయి చూస్తే ఉండదు.

ఇంకో ఇరవై రోజులకు ఇదంతా పోతుంది. మాగిన ఆసవం పెద్దమనిషిలా ఉంటుంది, మంచిదే. ఈ పచ్చిది మాత్రం పరికిణీ ఎత్తి పట్టుకుని పరిగెత్తే పిల్ల.

ఒక చిన్న జాడీలోకి కొంచెం తీసి దేవుడి గదిలో పెట్టాను. అక్కడికి నేను తప్ప ఎవరూ రారు. పుట్టి బుద్ధెరిగాక స్వామికి చూపించకుండా మెతుకు ముట్టలేదు నేను. దీన్ని చూపిస్తే ఏమని చూపించాలి? చూపించకపోతే నేను తాగుతున్నది ఏమిటి?

పండ్లు తెచ్చే గురమ్మ గుమ్మంలో గంప దించి నా మొహం చూసి నవ్వింది. “ఏం రామేశ్వరమ్మా, నాలిక నల్లగుండాదే! నేను తెచ్చే పండ్లు మందుకా, నీ నోటికా?” అంది. నోరు మూసుకుని తల ఊపాను.

మధ్యాహ్నం కునుకులో తుంగభద్ర ఊదా రంగులో పారుతోంది. నేను మోకాలి లోతులో నిలబడి ఉన్నాను. చీర తడవడం లేదు. చేపలన్నీ మెల్లగా జపం చేస్తున్నాయి. లేచి కొట్లోకి పోయి జాడీకి చెవి ఆనించాను. అదే చప్పుడు.

జూన్ 20, ఆదివారం

మా వీధిలో ఉండే ఈరప్ప, ఆయనకు పాత రోగి, పాత స్నేహితుడు, పొద్దున్నే పరుగున వచ్చాడు. ఊరు రాజధాని అయ్యాక ఆఫీసులన్నీ డేరాల్లో పెట్టారు కదా, ఆ డేరాల్లో ఎవరో మా మీద చెప్పారట. మద్యనిషేధం ఉండగా వైద్యుడు సీసాల్లో సారా అమ్ముతున్నాడని. “శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వస్తాడంట సామీ. వైద్యుడైతే తెలియాల అని, గ్లాసుల్లో పోసిచ్చి పచ్చిదేదో మాగినదేదో నీ నోటితోనే చెప్పిస్తాడంట. తప్పు చెప్తే లైసెన్స్ పీకేస్తాడంట” అన్నాడు. అని తనే నవ్వాడు, “నీకేం భయమప్పా, నీ నాలిక మీద దేవుడుండాడు” అని.

ఆయన కూడా నవ్వారు. నేను లోపల గోడ పట్టుకున్నాను.

జాడీ దగ్గరైతే ఆయన చెవి పెట్టి చెప్పగలరు. మూతిలో దీపం పెట్టి, ఆరిపోతే పచ్చిదని చెప్పగలరు. గ్లాసులో పోసిస్తే ఏం వింటారు?

జూన్ 22

శుక్రవారం నన్ను తలుపు వెనక నిలబడమన్నారు. పచ్చిదైతే ఒకసారి, మాగినదైతే రెండుసార్లు గాజులు చప్పుడు చెయ్యమన్నారు. గ్లాసు మీ చేతిలో ఉంటే నాకెట్లా తెలుస్తుందన్నాను. చాలాసేపు నా గాజుల వైపే చూశారు. ముప్పై ఏళ్ల పేరు ఆయనకు. ఆ చూపు నేను చూడలేకపోయాను.

జూన్ 23, బుధవారం

చెప్పేశాను. చిన్న జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టి, తొమ్మిది రోజులుగా తాగుతున్నానని చెప్పాను. తిడతారనుకున్నాను. లోటాలో పోసుకుని తాగారు. పులుపు లేదన్నారు. వగరు లేదన్నారు. ఆగి, “ఏందో పొడుస్తాండాదే!” అన్నారు.

చిటపట! అది రుచి కాదు, అందుకే ఆయనకు అందింది. పోయినేటి మాగిన ఆసవం ఇచ్చాను. పొడవలేదు. మళ్లీ పచ్చిది. పొడిచింది. టైఫాయిడ్ తర్వాత మొదటిసారి ఆయన గట్టిగా నవ్వడం విన్నాను.

ఇంకేముంది దీంట్లో చెప్పమన్నారు. చెవుల కింద పట్టుకునే పులుపు చెప్పాను. పిండే వగరు చెప్పాను. దూరం నుంచి పిలిచే బెల్లం చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు. నేను ఆపినప్పుడల్లా “ఇంగా?” అన్నారు. పెళ్లయినప్పటి నుంచి ఆయన దగ్గర ఇన్ని మాటలు ఒక్క పూటలో మాట్లాడలేదు.

జూన్ 24

స్వామికి చూపించాను. ఏమీ అనలేదు.

జూన్ 25, శుక్రవారం

వరసగా రాస్తాను.

పదింటికి వచ్చాడు ఇన్‌స్పెక్టర్. కోస్తా మనిషి, మర్యాదస్థుడు. అరుగు మీద రోగులు, గురమ్మ, ఇంకా చాలామంది. ఈరప్ప అతనికి మర్యాదగా గోలీ సోడాలు తెప్పించాడు. ఆయనను వీధి వైపు తిరిగి కూర్చోమని, అతను కొట్లోకి పోయి గ్లాసులు నింపి తెచ్చాడు.

మొదటిది. పచ్చిదన్నారు. సరిపోయింది. రెండోది. మాగినదన్నారు. సరిపోయింది. ఈరప్ప తొడ చరిచాడు. మూడోది నోట్లో పోసుకుని, ఆయన తడుముకోకుండా పచ్చిదన్నారు.

ఇన్‌స్పెక్టర్ మెల్లగా అన్నాడు, “అది పోయినేటిదండీ వైద్యులుగారూ. సోడా కలిపాను. పులుపు తెలిసిన మనిషైతే కనిపెట్టాలి.”

ఆయన గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. ఈరప్ప “నా సోడానే కొంప ముంచెనే” అని నెత్తి కొట్టుకున్నాడు. కాగితం మీద కలం పెట్టబోతున్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను బయటికి వచ్చాను. ఎట్లా వచ్చానో తెలియదు. అంతమంది మగవాళ్ల ముందు ఆ గ్లాసు తీసుకుని తాగాను. ఇది పోయినేటి రెండో కాపు నేరేడు, మాగి ఏడాదవుతోంది, సోడా పావు వంతు ఉందని చెప్పాను. ఆయనకు టైఫాయిడ్‌తో రుచి పోయిందని, ఈ ఇంట్లో మందు రుచి చూసేది నేనేనని చెప్పాను. నా గొంతు నాకే వినపడలేదు. వాళ్లకు వినపడింది.

ఇంకో నాలుగు గ్లాసులు పోసిచ్చాడు. ఏ జాడీది, ఎన్నో రోజుది చెప్పాను. పుక్కిలించి ఉమ్మడానికి చోటు చూపించాడు. అక్కర్లేదన్నాను.

లైసెన్స్ ఉంచాడు. కాగితంలో రుచి చూసినవారు అని రాసి నన్ను సంతకం పెట్టమన్నాడు. బడిలో నేర్పినట్టు ఇంగ్లీషులో పెట్టాను. తలెత్తేసరికి ఆయన అరుగు మీద లేరు.

జూన్ 26

పొద్దంతా ఆయన నాకు వీపు పెట్టి కూర్చున్నారు.

జూన్ 28, సోమవారం

ఇద్దరే రోగులు వచ్చారు. గురమ్మ గంప దించకుండానే అంది, “మొగుని నోట్లో నాలిక పెరికి నీ నోట్లో పెట్టుకుంటివే తల్లీ.” నవ్వుతూనే అంది. రోజంతా గుచ్చుకుంది.

నేను ఊరుకుని ఉంటే లైసెన్స్ పోయేది. మాట్లాడితే ఆయన నాకు కాకుండా పోయారు. చారులో ఉప్పు ఎక్కువ వేశాను, కావాలని కాదు. తిన్నారు. బాగుందని కూడా అనలేదు. ఇదివరకు అబద్ధమైనా ఆ మాట అనేవారు.

చిన్న జాడీ ఖాళీ చేసి కడిగి బోర్లించాను. తాగబుద్ధి కాలేదు.

జూన్ 30, బుధవారం. సాయంత్రం

ఆత్మకూరు వైపు నుంచి ఒకతను తేనె తెచ్చాడు. మందుల్లోకి తేనె కొనేముందు ఆయన చుక్క నాలుక మీద వేసుకుని బెల్లం పాకం కలిసిందో లేదో చెప్పేవారు. ఏడాదిగా సీసా లోపలికి పంపి, నేను చెప్పింది తర్వాత తను చెప్పినట్టు చెప్పేవారు. ఇవాళ నేను తలుపు వెనకే ఉన్నాను. అరుగు మీద ఈరప్ప, మరి నలుగురు ఉన్నారు. ఆయన సీసా వెలుగుకు పెట్టి చూశారు. తేనె తెచ్చినతను చూడు సామీ, చూడు సామీ అని తొందర పెడుతున్నాడు.

“ఉండప్పా, నా నాలిక ఇంట్లో ఉండాది, పిలుస్తా” అన్నారు.

అంత గట్టిగా, అందరికీ వినపడేటట్టు. తర్వాత నా పేరు పెట్టి పిలిచారు.

పోయాను. మంచి తేనె. ఏ పూలదో కూడా చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, “ఇంగా?” అన్నారు.

జూలై 3

వాన. ఆయన పెరట్లో నిలబడి నాలుక చాచి, ఇది ఎట్లుందో చెప్పమన్నారు. ఎప్పుడూ రుచి చూడలేదన్నాను. అయితే రమ్మన్నారు. పోయి నేనూ చాచాను. యాభై ఏళ్లు నాకు. ఏం చెప్పానో రాయను.

ఈ కాగితాలు ఎవరికి దొరికితే వారు భద్రంగా ఉంచండి. ఎవరికీ చూపించకండి.