రెండో గ్లాసు

ఫిబ్రవరి 8, శనివారం

ఈరోజు మా ఆడపడుచు నోరు విప్పింది.

తను మా ఇంటికొచ్చి నెల కావస్తోంది. నడవని బేకరీని మూసేసి, ఓవెన్లు అమ్మేసి, రెండు సూట్‌కేసులతో దిగింది. ఆ రోజునుంచీ హాల్లో సోఫా మీద కూర్చుని ఎదురుగా ఉన్న గోడను చూస్తోంది. తిన్నావా అంటే ఊఁ. పడుకుంటావా అంటే ఊఁ. మా ఆయన గూడ్సు రైలు నడుపుతారు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండరు. ఉన్న రోజున చెల్లెలి పక్కన కూర్చుని ఆయన కూడా గోడనే చూస్తారు. వాళ్ళిద్దరి ముందూ నేను కాఫీ కప్పులు పట్టుకుని తిరుగుతుంటాను.

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి మొన్న ఒక గుబురు గడ్డం మనిషి వచ్చాడు. ఆవిరి తగిలి తగిలి ఆయన అద్దాల మీది కోటింగ్ పొరలుగా లేచిపోయింది. ఏం పని చేస్తారని అడిగితే, టైర్ల షాపు వెనక షెడ్డులో బీరు కాస్తానన్నాడు. కొత్త అద్దాలు పెట్టుకుని షాపంతా ఒకసారి కలయజూసి, సంబరపడి, శనివారం టేస్టింగుకి రెండు పాసులిచ్చాడు. బీరంటే షాపు పార్టీలో ఒకసారి తాగిన చేదు నీళ్ళు తప్ప నాకేమీ తెలియదు. అయినా తనని బలవంతాన లాక్కెళ్ళాను. గోడ మారితే చాలనుకున్నాను.

చెక్క ట్రేలో చిన్న చిన్న గ్లాసులు. గడ్డి రంగు నుంచి నలుపు దాకా వరసగా పెట్టారు. మొదటిది తాగితే నాకు నిమ్మతొక్క గిల్లినట్టనిపించింది. ఇంకోదానిలో జామపండు. బీరులో జామపండేమిటి! పక్కవాళ్ళని కూడా వాసన చూడమని బతిమాలాను. తను మాత్రం నల్లదాన్ని ఎత్తి ఒక్క గుక్క తీసుకుని, చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"రొట్టె పైపెచ్చు," అంది. "మాడలేదు. మాడటానికి ఒక్క క్షణం ముందు తీశారు."

బల్ల తుడుస్తున్న ఆ గడ్డం మనిషి చెయ్యి ఆగిపోయింది. బీరు కాచే బార్లీ గింజని ఎంతసేపు వేయించాడో, ఎప్పుడు దించాడో తనకి చెప్పడం మొదలుపెట్టాడు. తను ఎదురు ప్రశ్నలు వేసింది. నెల రోజుల్లో మాకు దక్కని మాటలన్నీ ఆ షెడ్డులో ఒలకబోసింది. నాకు కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

ఫిబ్రవరి 9

నాలుక మీద ఇంకా ఉంది ఆ జామపండు.

ఫిబ్రవరి 22

ప్రతి శనివారమూ వెళ్తున్నాం. షెడ్డులో ఒక చిన్న గుంపు తయారైంది. అందులో లైబ్రేరియన్ ఒకావిడ. ఆవిడ బీరు తాగదు, చదువుతుంది. కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చి, అడవి, వాన, పాత బీరువా అంటుంది. టైర్ల షాపాయన ఇంకోరకం. ఎప్పుడు చూసినా మామూలు దుకాణంలో దొరికే లైట్ బీరు డబ్బాతో వచ్చి, అదే తాగి వెళ్ళిపోతాడు. షెడ్డు స్థలం ఆయనదే కాబట్టి ఎవరూ వద్దనలేరు.

నాకు పిచ్చి ముదిరింది. షాపులో లెన్సులు అరగదీస్తూ కూడా ఈ వారం తాగబోయేవాటి గురించే ఆలోచిస్తున్నాను. చేదు, వగరు ఒకటి కాదని నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది. వగరు నాలుక పక్కల పట్టుకుంటుంది, చేదు గొంతులో కూర్చుంటుంది. దారి పొడుగునా మేమిద్దరం ఇదే వాదించుకుంటూ వస్తాం. మా ఆయన ఎప్పుడు చూసినా ఈ గోలేనా అంటారు. అంటూనే చెల్లెలి మొహం చూసి నవ్వుతారు.

మార్చి 8

ఈరోజు పెద్ద రభస. లైట్ బీరంటే బార్లీ చేను పక్కనుంచి నడిచివెళ్ళిన నీళ్ళని లైబ్రేరియన్ అనేసింది. అందరం పడీ పడీ నవ్వాం. టైర్లాయన నొచ్చుకోలేదు. రోజంతా లారీ టైర్లు ఎత్తి దించాక, తనకి పరీక్ష పెట్టే బీరు అక్కర్లేదన్నాడు. తను బీరుతో మాట్లాడటానికి రాడట, మనుషులతో మాట్లాడటానికి వస్తాడట.

అప్పుడు గడ్డం (ఆ బీరు కాచేవాణ్ణి మేమిద్దరం అలాగే అంటాం) మెల్లగా ఒక సంగతి చెప్పాడు. అన్నిటికన్నా కాచడం కష్టమైనది ఆ లైట్ బీరేనట. నల్లదానిలో ఏ తప్పు జరిగినా దాక్కుంటుంది, లైట్‌లో దాక్కోవడానికి చోటే ఉండదు. తను కూడా కాచి చూసి, నచ్చక మోరీలో పారబోశాడట.

మా ఆడపడుచు చెవులు నిక్కబొడుచుకోవడం నేను కళ్ళారా చూశాను. ఇంటికొస్తూ దారిలో పెద్ద స్టీలు డేగిసా ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

మార్చి 15

ఇంట్లోనే పోటీ పెట్టుకున్నాం. దుకాణంలో దొరికిన లైట్ బీర్లన్నీ తెచ్చి, పేర్లు కనబడకుండా సీసాలకి మా ఆయన సాక్సులు తొడిగాం. ఉతికినవే. ఆయన తాగరు, అందుకని గ్లాసుల్లో పోసే పని ఆయనకిచ్చాం. ఒకటి తడిసిన అట్టపెట్టె. ఒకటి చిల్లర నాణెం నోట్లో పెట్టుకున్నట్టు. ఒకటి మాత్రం ఏ వాసనా లేకుండా హాయిగా దిగిపోయింది. ఏముందందులో అని మళ్ళీ పోయించుకున్నాను. ఏమీ దొరకలేదు. తను మాత్రం అదే కావాలంది. ఏమీ లేనట్టుండి తాగబుద్ధయ్యేది. దాన్ని తను కాస్తుందట.

మార్చి 30

తను కాచిన మొదటి కాపు పోయింది. ఉడికించిన మొక్కజొన్న కంపు. పై అంతస్తువాళ్ళు వాసనని గొడవ చేస్తారని డేగిసా మీద మూత పెట్టి మరిగించింది. ఆ కంపు ఆవిరితో పోవాలట, మూత పెడితే మళ్ళీ అందులోకే దిగుతుందట. గడ్డం ఫోన్లో చెబుతుంటే తను వంటింటి కిటికీలు ఒక్కొక్కటే తెరిచేసింది. పై అంతస్తువాళ్ళ సంగతి నేను చూసుకుంటానన్నాను.

ఏప్రిల్ 12

ఇది అసలు వార్త. జూన్ మొదటి శనివారం షెడ్డు అందరికీ తెరిచి ఉంచుతారట. సొంతంగా కాచేవాళ్ళు తలా ఒక చిన్న పీపా తేవచ్చు. జడ్జీలు లేరు, మార్కులు లేవు. ఎవరి పీపా ముందు ఖాళీ అయితే, గడ్డం తను బీరు పులియబెట్టే చిన్న ట్యాంకుని వాళ్ళకి అప్పగించి, పనిలో కూడా పెట్టుకుంటాడు.

తనకి ఇది కావాలి. చూస్తేనే తెలుస్తోంది.

నాకూ కావాలి. ఇక్కడ తప్ప ఇంకెక్కడా చెప్పను. కళ్ళజోళ్ళ షాపులో పదిహేనేళ్ళుగా వేరేవాళ్ళు సరిగ్గా చూడటానికి నేను అద్దాలు అరగదీస్తున్నాను. నన్ను కూడా ఎవరైనా ఒకసారి చూడాలని ఉంది.

నాది మామూలుది కాదు. నారింజ తొక్క, మిరియాలు, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వులు దోసిళ్ళకొద్దీ.

ఏప్రిల్ 19

గొడవైంది. నా బీరు ఇంకా పచ్చిగా ఉండగానే రుచి చూపించాను. తను తాగి, గ్లాసు కింద పెట్టి, బాగుందంది. ఆ బాగుంది నాకు నచ్చలేదు. సరిగ్గా చెప్పమని నిలదీశాను.

"వదినా, నీ బీరు నన్ను చూడు, నన్ను చూడు అంటోంది. తాగనివ్వట్లేదు."

నాకు ఒళ్ళు మండింది. నీది అసలేమీ అనదు, దానికి నోరే లేదు, నీలాగే, అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. తను లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఏప్రిల్ 20

ఆయన పొయ్యిని పంచారు. పొద్దున చెల్లెలు, సాయంత్రం భార్య. రైళ్ళ టైమ్‌టేబుల్లా రాసి ఫ్రిజ్ మీద అంటించి డ్యూటీకి వెళ్ళిపోయారు.

మే 4

తన రెండో కాపు కూడా పోయింది. ఈసారి పుల్లగా పాడైపోయింది. నిజం రాయాలి. ఆ సంగతి వినగానే ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. హాల్లోకి వస్తే తను సోఫా మీద, మొదటి రోజు కూర్చున్నట్టే, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఆ హాయి అక్కడికక్కడే ఆవిరైపోయింది.

వంటింట్లోకి వెళ్ళి తన సామానంతా ముందేసుకున్నాను. షాపులో ఇది నాకు రోజూ ఉండేదే. కళ్ళజోడు ఫ్రేము పైకి తళతళలాడుతుంది, మరలు విప్పితే లోపల ఎన్నాళ్ళదో జిడ్డు. బీరు పులియబెట్టే డ్రమ్ము కింద బిగించిన కుళాయిని విప్పాను. మర గాడిలో గోధుమరంగు జిగురు. కడిగినప్పుడు నీళ్ళు అక్కడిదాకా వెళ్ళడం లేదు. బీరుని పాడుచేసింది అదే. తీసుకెళ్ళి తన ఒళ్ళో పెట్టి, నేను లెన్సు ఫ్రేములు తోమే సన్న బ్రష్షు చేతికిచ్చాను.

పోటీలో ఉన్నదానివి నాకెందుకు చూపిస్తున్నావని అడిగింది. తెలియదన్నాను. ఇద్దరం నేల మీద కూర్చుని ప్రతి గొట్టమూ, ప్రతి మరా తోమాం. ఆ రోజన్న మాటకి క్షమించమన్నాను. కుళాయి తోముతూనే ఊఁ అంది. అది మొదట్లో అన్న ఊఁ కాదు.

మే 28

వచ్చింది! మూడోసారికి తన బీరు వచ్చింది!

షాపునుంచి పాత అక్షరాల చార్టు తెచ్చి గోడకి తగిలించాను. తన గ్లాసు కంటికి అడ్డంగా పెట్టుకుని చివరి వరస దాకా చదివాను. అంత తేటగా ఉంది. తర్వాత తాగాను. పొద్దున్నే కిటికీ తెరిచినట్టుంది. ఇంతకన్నా చెప్పడానికి నాకు మాటలు దొరకలేదు. దొరకలేదంటే తను పొంగిపోయింది.

నాదీ బాగా కుదిరింది. ఆయన మూత తీసి వాసన చూసి, పండ్ల దుకాణానికి నిప్పంటుకున్నట్టుందన్నారు. పొగడ్తగానే తీసుకున్నాను.

జూన్ 7, శనివారం

వరసగా రాస్తాను.

షెడ్డు నిండా జనం. మా ఇద్దరి పీపాలూ పక్కపక్కనే. తెరవగానే నా దగ్గర విరగబడ్డారు. ఒకాయన తాగి కళ్ళు పెద్దవి చేసి భార్యని పిలిచాడు. ఎవరో ఫోటో తీసుకున్నారు. లైబ్రేరియన్ అయితే ఒక చిన్న ఉపన్యాసమే ఇచ్చింది, తోట అంది, సాయంత్రం అంది. నేను గాల్లో తేలాను. నారింజ తొక్క ఎలా ఎండబెట్టానో, మిరియాలు ఎప్పుడు వేశానో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. పక్కన తన దగ్గరికి వచ్చినవాళ్ళు గ్లాసు తీసుకుని, ఒక్క మాటైనా అనకుండా, వాళ్ళ కబుర్లలో వాళ్ళు వెళ్ళిపోయారు. తను తల వంచుకుని నిలబడింది. పాపమనిపించింది.

కాసేపటికి నాకు ఒకటి తట్టింది. నన్ను అంత పొగిడినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. గ్లాసులో సగం అలాగే ఉంచి, దాన్ని చేత్తో పట్టుకుని అందంగా తిరుగుతున్నారు. తన దగ్గర తీసుకున్నవాళ్ళేమో మళ్ళీ వస్తున్నారు. మాట ఆపకుండానే గ్లాసు చాపుతున్నారు. అది ఖాళీ అయిందని వాళ్ళు గమనించినట్టు కూడా లేదు. టైర్లాయన తన షాపు పనివాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు గోడవారన కూర్చుని ఏదో ఫుట్‌బాల్ మ్యాచి గురించి అరుచుకుంటూ, మధ్యమధ్యలో లేచి వచ్చి నింపుకుని పోతున్నారు.

మాట్లాడి మాట్లాడి నా గొంతు ఎండిపోయింది. తన దగ్గర ఒక గ్లాసు పట్టుకుని, తాగి, ఎండలో నిలబడ్డాను. తర్వాత నేనేం చేస్తున్నానో తెలిసేసరికి మళ్ళీ తన వరసలో ఉన్నాను. నా ముందు లైబ్రేరియన్ ఉంది, ఖాళీ గ్లాసుతో. ఒకరినొకరు చూసుకున్నాం.

నా వంతు వచ్చేసరికి కుళాయి నురగ కక్కింది. తర్వాత ఉత్త గాలి. తన మొహం పాలిపోయింది.

"వదినా, పాడైపోయిందా?"

"కాదే. అయిపోయింది."

తనకి అర్థం కాలేదు. పీపాని పట్టుకుని ఊపి చూసింది. అప్పుడు కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. గడ్డం అద్దాలు తీసి తుడుచుకుంటూ వచ్చి, సోమవారం పొద్దున్నే రమ్మన్నాడు. మా ఆయన డ్యూటీ దిగి తిన్నగా షెడ్డుకే వచ్చారు. ఎవరు గెలిచారని నన్ను అడిగారు. మనమే అన్నాను.

జూన్ 8

నిన్న రాసినదంతా నిజం. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చిన సంగతి మాత్రం రాయలేదు. ఈరోజు పొద్దున లేచేసరికి విపరీతమైన ఆకలి. తను రొట్టె చేసింది. బేకరీ మూసేశాక ఇదే మొదటిది. నిలబడే సగం తినేశాను.

జూన్ 21

తను వెళ్ళింది. టైర్ల షాపు మీది గది. పొద్దున్నే ట్యాంకు చూసుకోవాలంటే అదే దగ్గర. నేనూ శనివారాలు షెడ్డుకి వెళ్తాను, నారింజ తొక్క తగ్గించి మళ్ళీ కాస్తాను. నాకింకా చాలా రుచులు చూడాల్సి ఉంది. కానీ ఈరోజు సోఫా మీద ఎవరూ లేరు, అటువైపు వెళ్ళబుద్ధి కాలేదు.

జూలై 3, ఉదయం

ఫోన్ మోగింది. తనే. హలో అంటే మాట లేదు. గుడగుడ, గుడగుడ. మొదట లైను బాగాలేదనుకున్నాను. తర్వాత తెలిసింది. ట్యాంకు గొట్టం చివర బకెట్ నీళ్ళలో ముంచి ఉంటుంది, లోపల ఈస్టు లేచిందంటే నీళ్ళలో బుడగలు వస్తాయి. ఫోన్ అక్కడ పెట్టినట్టుంది. స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాను. ఆయన డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇది రాస్తుంటే కూడా వినిపిస్తోంది. షాపు తెరిచే వేళ దాటిపోయింది.