పన్నెండు కాలాల పడవ

బాతులంక, కొల్లేరు,
12-9-1955

ప్రియమైన నరసూ,

నా నివేదిక ఆలస్యమైనందుకు బాధ్యత తపాలా పడవది. అది గాలి సంగతీ తన తీరికా చూసుకొని బయలుదేరుతుంది.

ఈ లంకలోని బడికి నన్ను తాత్కాలిక ఇంగ్లీషు మాష్టరుగా నియమించి మూడు నెలలు పూర్తయినవి. ఫస్టు ఫారం పుస్తకంలో మొట్టమొదటి క్రియ ‘వాక్’, అనగా నడుచుట. వానాకాలమంతా పక్కింటికి సైతం దోనెలో వెళ్ళే ఊరికి ఈ క్రియను ఎంపిక చేసినవారి దూరదృష్టి మెచ్చదగినది.

నా బస గట్టుమీద. అక్కడినుంచి పదిహేనుమంది పిల్లలతో కలిసి గంటసేపు పడవలో బడికి వెళతాను. దారి పొడుగునా పాఠమే. ఆ పిల్లల్లో ఒకతె, పడవ వీర్రాజు కూతురు నాంచారమ్మ, గడ వేస్తుంది. పడవ ముందుకొనన గడ గుచ్చి, భుజం ఆనించి, అంచు పలకమీద వెనక్కి నడుస్తుంది. పడవ ముందుకు పోతుంది. గుచ్చుతూ ‘ఐ వాక్’ అంటుంది. నడుస్తూ ‘ఐ యామ్ వాకింగ్’. గడ పైకి లాగి ‘ఐ హావ్ వాక్డ్’. మళ్ళీ ముందుకొనకేసి చూస్తూ ‘ఐ షల్ వాక్’. మిగిలినవారు వంత పాడతారు. తెల్లవారి మసకలో తామరాకులు పక్కకు తొలుగుతుంటే, జరిగినదీ జరగబోయేదీ ఒకే నీటిలో తేలుతున్నట్టు, నేనొక్కణ్ణే కదలక కూర్చున్నట్టు తోస్తుంది. ఇంగ్లీషు క్రియకున్న పన్నెండు కాలాలూ పూర్తయ్యేసరికి బడి వస్తుంది.

వచ్చే నెల డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తున్నారు. ఆయన తృప్తిపడితే నా ఉద్యోగం ఖాయమవుతుంది. అప్పుడు నిన్ను పంపడానికి మామగారికి అభ్యంతరం ఉండదు.

నీకు తప్ప అందరికీ తాత్కాలికుడైన
రామకోటి


తాడేపల్లిగూడెం,
25-9-1955

ప్రియమైన శ్రీవారికి, నమస్కారాలతో,

మీ నివేదిక నాన్నగారికి చదివి వినిపించాను, తామరాకుల భాగం మినహాయించి. ‘పర్మనెంటు కాగితం చూపించమనమ్మా, మర్నాడే పంపిస్తాం’ అన్నారు. పెళ్ళయి పదకొండు నెలలు. అందులో మనం ఒక ఇంట ఉన్నది పంతొమ్మిది రోజులు. అవి కూడా చుట్టాల సమక్షంలో.

నిన్న మధ్యాహ్నం బియ్యం ఏరుతూ కునుకు తీశాను. చేట నీళ్ళమీద తేలుతోంది, మీరు ఒడ్డున నిలబడి హాజరు వేస్తున్నారు. నా పేరు పిలిచేలోగా అమ్మ లేపేసింది.

ఒక్క సంగతి అడగనా? ఆ పిల్లలు నేలమీద కూడా చెబుతారాండీ?

మీ పిలుపు కోసం చెవి ఒగ్గిన
వెంకటనరసమ్మ


బాతులంక,
18-10-1955

ప్రియమైన నరసూ,

నీ ప్రశ్న అందింది. ఇన్‌స్పెక్టరుగారు వెళ్ళిన మర్నాడు అందింది.

తరగతిలో ఆయన నాంచారమ్మను లేపి, ‘చేతులు కట్టుకో అమ్మాయ్. వాక్ అన్న క్రియకు పాస్ట్ టెన్స్ చెప్పు’ అన్నారు. ఆమె చేతులు కట్టుకుంది. నోరూ కట్టుకుంది.

‘తెలీదా?’

‘తెలుసండి.’

‘మరి చెప్పవేం?’

‘గడ లేదు కదండీ!’

మిగతా పద్నాలుగుమందీ అదే అభిప్రాయంతో మౌనం వహించారు. ఆయన పుస్తకంలో పొడుగ్గా ఏదో రాసుకున్నారు.

సాయంత్రం ఆయన్ను మా పడవలోనే దిగబెట్టాం. నాంచారమ్మ చేతికి గడ వచ్చింది. ‘ఐ వాక్’ అంది. పదిహేను గొంతులు లేచాయి. నీళ్ళు కుంకుమ రంగుకు తిరిగాయి, గూడబాతులు తలలమీదుగా వెళ్ళిపోయాయి. పన్నెండు కాలాలు పూర్తయ్యాక, ఇన్‌స్పెక్టరుగారు కళ్ళు మూసుకునే ‘మళ్ళీ కానివ్వండర్రా’ అన్నారు. మూడుసార్లు కానిచ్చాం. గట్టు దాటిపోయి వెనక్కి రావలసివచ్చింది. దిగేటప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నవి. ఆ తడి కొల్లేటిది కూడా కావచ్చును. అయినా ఆశ పడుతున్నాను. పెట్టె సర్దుకో.

ఆశను ఇంకా రద్దు చేసుకోని
రామకోటి


తాడేపల్లిగూడెం,
27-10-1955

ప్రియమైన శ్రీవారికి,

పెట్టె సర్దాను. తాళం వేయలేదు, కాగితం రావాలి కదా. రోజూ ఒకసారి మూత తీసి, ఏదో మరిచిపోయినట్టు చూసి, మళ్ళీ మూస్తున్నాను. ‘అందులో పిల్లిగానీ దూరిందా ఏవిటే?’ అంటోంది అమ్మ.

మూత మీద చెయ్యి వేసుకొని కూర్చున్న
మీ నరసు


బాతులంక,
14-11-1955

ప్రియమైన నరసూ,

ఏలూరు నుంచి ఉత్తర్వు వచ్చింది. అసలు ప్రతి జతచేశాను. సారాంశం: ‘సదరు తరగతివారి క్రియాజ్ఞానము పడవలో మిక్కిలి తృప్తికరము, పాఠశాలలో శూన్యము. పాఠశాల నేలపై నున్నందున సదరు ఉపాధ్యాయుని ఖాయపరచుటకు వీలులేదు. మరి ఆరు మాసములు తాత్కాలికముగా కొనసాగించవచ్చును.’

తర్కంలో లోపం కోసం రెండు రోజులు వెతికాను. లేదు.

‘మీరెళ్ళిపోతారాండీ, మాష్టారూ?’ అని అడిగింది నాంచారమ్మ.

‘ఆరు నెలలుంటానమ్మా.’

‘అయితే బోల్డన్ని రోజులండీ!’ అని నిశ్చింతగా గడ అందుకుంది.

ఆ పిల్ల లెక్క నాకు రాదు. పెట్టె విప్పెయ్యి నరసూ. మామగారి మాట కాదని రమ్మనడానికి నాకు నోరు రావడం లేదు.

ఉన్నచోటే ఉన్న
రామకోటి


తాడేపల్లిగూడెం,
22-11-1955

ప్రియమైన మీకు,

ఉత్తర్వు నాన్నగారి చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు.

‘ఆరు నెలలా? ఆ తరవాతో?’

‘మళ్ళీ ఆరు నెలలండి.’

‘అలా ఎన్నిసార్లమ్మా?’

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది: ‘ఏవండీ, ఆ మిల్లువాళ్ళు సీజను కాగానే మిమ్మల్ని తీసేసి, మళ్ళీ ధాన్యం రాగానే గుమాస్తాగా కొత్తగా వేసుకుంటారు కదా. అలా ఎన్నిసార్లయిందండీ?’

నాన్నగారు వేళ్ళు మడవడం మొదలుపెట్టి, రెండో చేతికి వెళ్ళి, మళ్ళీ మొదటి చేతికి వచ్చారు. ‘ఇరవై రెండు’ అన్నారు, రెండు చుట్లు దాటాక. ‘ఆ ఇరవై రెండేళ్ళూ నేనిక్కడే ఉన్నానండి’ అంది అమ్మ. నాన్నగారు చొక్కా వేసుకొని స్టేషనుకు వెళ్ళి రైలు వేళలు కనుక్కొని వచ్చారు.

మీకు నోరు రాలేదన్నారు. సరే, నేనే అడుగుతున్నాను. వచ్చే గురువారం, డిసెంబరు ఒకటిన, ఉదయం పాసింజరుకు ఏలూరులో దిగుతాను. ఎవరినో పంపకండి, బడి మానేసి మీరే రండి. సెలవు చీటీలో కారణం దగ్గర నా పేరు రాయండి.

మీ భార్య
వెంకటనరసమ్మ